నాన్న క్యారేజీ

బాంబూఫ్లాట్ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళే ఫెర్రీలో తల్లీకూతుళ్ళు కూర్చున్నారు. తల్లి ఒడిలో స్టీలు క్యారేజీ ఉంది. కూతురే ముందు నోరు విప్పింది.

“నాన్న క్యారేజీలో పక్కింటోడికా గంజి?”

“ఆస్పత్రిలో ఆయన్ని చూసేవాళ్ళు లేరే.”

“నాన్న పోయినప్పుడు పెట్టెని ఆళ్ళ గుమ్మం ముందునుంచి పోనిచ్చాడా? కిరస్తానీ శవం రాకూడదన్నాడు. వానలో చుట్టూ తిప్పి మోశారు.”

“వెనకాల నడిచింది నేనే కదా.”

“అయినా మాఫ్ చేసేశావా?”

“లేదే. ఆయన కోసం ప్రార్థన చేద్దామని రోజూ మోకరిస్తున్నా. పేరు దగ్గరికొచ్చేసరికి లేచి వచ్చేస్తున్నా.”

“గంజి తాగుతాడా?”

“నన్ను చూసి గోడవైపు తిరిగిపోతాడు. నేనొచ్చేశాక తాగుతాడంట, నర్సు దీదీ చెప్పింది.”

“మరి దేనికమ్మా వెళ్ళడం?”

“ప్రార్థన నా వల్ల కావట్లేదు. గంజైతే కాయగలను.”