అమ్మ పేరు అడగని పెద్దమనిషి

అరవకుండా ఎలా ఉంటానమ్మాయీ? నువ్వే చెప్పు! ఈ అసియూత్ ఊళ్ళో నలభై ఏళ్ళు ఇళ్ళల్లో నేలకి పలకలు పరిచినవాణ్ణి. నా పనిలో వెంట్రుకవాసి ఎత్తుపల్లం చూపించిన మొనగాడు లేడు. హాజీ దసూకీ అంటే... సరే, సరే. కూర్చుంటున్నాగా.

మొన్న బ్యాంకు నుంచి ఫోన్ చేసింది నువ్వేగా? గొంతు పట్టేశాను. "మీ కార్డు మీద ఎవరో ఏదో కొంటున్నారు, అనుమానంగా ఉంది" అన్నావు. బాగానే ఉంది. ఆ వెంటనే ఏమడిగావు? "మాట్లాడేది మీరే అని రుజువుకి మీ అమ్మగారి పేరు చెప్పండి!"

ఛీ! పరాయివాళ్ళ దగ్గర మగాడు తల్లి పేరు ఎత్తుతాడా? మీ నాన్న ఎత్తుతాడా? చూశావా, తల దించుకున్నావు. మా బావమరిది షహాత్, కాఫీ కొట్లో పదిమందిలో ఆ పేరు అన్నాడని పదకొండేళ్ళుగా వాడి గడప తొక్కలేదు. వాడు పోతే మట్టి వెయ్యడానికి వెళ్తానేమో. వాడింట్లో కాఫీ మాత్రం ముట్టను.

అందుకే నిన్ను నాలుగు తిట్టి పెట్టేశాను.

పావుగంటకి ఇంకో ఫోను, అదీ బ్యాంకు నుంచేనట. అబ్బ, ఎంత మర్యాద! "హాజీ గారూ" అని నోరారా పిలిచాడు. నీ సంగతి చెప్పాను. "అమ్మ పేరడిగిందా? పెంపకం లేని పిల్ల! మాకవేం వద్దండీ. మీ ఫోనుకి ఆరు అంకెలొస్తాయి, అవి చదవండి చాలు, కార్డు భద్రం" అన్నాడు.

నాకు అక్షరాలు రావు గానీ అంకెలు బాగా వచ్చు. ఒక్కొక్కటీ నిదానంగా చదివాను. గర్వంగా చదివాను!

ఖాతాలో ఏమీ మిగల్లేదా? ఒక్క పౌండు కూడా?

మెల్లగా! తలుపు పక్కన బల్ల మీద కూర్చున్నది నా భార్యే. గురువారం ఆమెకి కంటి ఆపరేషను, ఆ డబ్బుతోనే. కొత్త కార్డు కోసం వచ్చామని చెప్పాను. నా ముఖం ఆమెకి సరిగా కనపడకపోవడం ఇవాళ మంచిదైంది.

ఫిర్యాదు రాయి. ఇదిగో, సంతకం బదులు నా ఇత్తడి ముద్ర, కొట్టేస్తాను. ఇంకేం కావాలి?

మళ్ళీ అదేనా! ముద్ర చాలదూ? పోనీ, వేలు? ఆ పేరు లేకపోతే కాగితం కదలదా? నేనే రాసిచ్చేవాణ్ణి... రాయడం వస్తేగా.

వెనక వరసలో ఎంతమంది ఉన్నారు? కాస్త ఇటు వంగు తల్లీ. చెవిలో చెప్తాను. ఒక్కసారే.

సిత్తబూహా.

రాశావా? పైకి చదవకు. డబ్బు తిరిగి వస్తుందా? అలా చూడకు, అర్థమైందిలే.

మా అమ్మ జోలికి రానివాడు ఆ ఫోనువాడొక్కడే. ఆ ఒక్క మర్యాదకి నా ఆవిడ కళ్ళు ఇచ్చేశాను.