కిటికీ వైపు కాలు కింద అట్టముక్క

కూర్చో అమ్మాయ్. ఏంటి, ఉన్నట్టుండి ఈ మావయ్య గుర్తొచ్చాడు? మీ నాన్న పూల్ టేబుల్ విప్పుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పిందిలే. కొత్త బట్ట వేయించుకుంటే వేయించుకో, దానికి నన్నడగడం దేనికి? ఆ చేతిలో ఏంటది? అట్టముక్కా. ఏ కాలు కింద దొరికింది? కిటికీ వైపుదా. ఊఁ. అయితే నువ్వు ఊరికే రాలేదన్నమాట.

మీ నాన్న, అంటే మా బావ, మంచివాడే, కాదనను. నాకెందుకో ఆ మంచితనం మీదే అనుమానం. ఏదో క్లబ్బు మూసేస్తుంటే ఆ టేబుల్ ఇంటికి తెచ్చాడు. కాళ్ళు వదులు, బట్టంతా చిరుగులు, అంచు రబ్బర్లు బిగుసుకుపోయి బంతి తగిలితే చచ్చినట్టు ఆగిపోయేది. దానికోసం ముందుగదిలో మంచం తీయించేశాడని మా అక్క నెల్లాళ్ళు మాట్లాడలేదు. అప్పటికి నువ్వింకా పుట్టలేదు. కాదు, పుట్టావు, పాకుతున్నావు. ఏం చెప్తున్నాను? ఆఁ, బట్ట కింద మూడు రాతి పలకలు. వాటి అతుకుల్లో మైనం కరిగించి పోసి, బ్లేడుతో గీకి, అరచేత్తో తడిమి చూసేవాడు. చివర్న రసమట్టం పెట్టి, వాలు లేకుండా బుడగ మధ్యలో నిలిచిందా అని చూడ్డం, దాన్ని అటుదిటు తిప్పి మళ్ళీ చూడ్డం. "ఎన్నిసార్లు తిప్పుతావు బావా" అంటే, గొంతు తగ్గించి, "దీని మాట ఒకవైపు నుంచే వినకూడదురా" అనేవాడు. ఇందులో ఏదో మతలబు ఉందనుకున్నాను.

అనుకోనా మరి? ప్రతి ఆదివారం ఆయనే గెలుస్తాడు. నాది బాదుడు. ఆయన మెత్తగా తోస్తాడు, బంతి నింపాదిగా వెళ్ళి, మూల పాకెట్ దగ్గర కాసేపు ఆలోచించుకుని మరీ పడుతుంది. పక్కనుంచి మా నాన్న, "మీ బావని చూసి నేర్చుకోరా" అని చురకలు. ఒళ్ళు మండేది. ఓ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, మా వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రిని అడిగి అతని రసమట్టం తెచ్చి టేబుల్ మీద పెట్టాను. బుడగ పక్కకి జరిగింది. దొరికావు బావా అనుకున్నాను. కారు జాకీతో కాలెత్తి ఆ అట్ట దూర్చింది నేనే. బుడగ మధ్యకొచ్చింది, నాకు కడుపు నిండింది.

ఆ వారం నుంచి మీ నాన్న తోసిన బంతి పాకెట్ దాకా వచ్చి పక్కకి ఒరిగిపోయేది. నా బాదుడుకి ఆ ఒరుగుడు పట్టలేదు. వరసగా గెలిచాను. తర్వాత రసమట్టం తిరిగిస్తుంటే మేస్త్రి, "అది కింద పడి చెడిందండీ, అటుదిటు తిప్పి పెడితేనే తేడా తెలుస్తుంది, తిప్పి చూసుకున్నారు కదా" అన్నాడు. నేను తిప్పలేదు. ఒక్కసారే పెట్టాను. అంటే మీ నాన్న టేబుల్ మొదట్నుంచీ సమంగానే ఉంది. వెంటనే వెళ్ళి అట్ట లాగేయొచ్చు. రేపు తీద్దాం, వచ్చేవారం తీద్దాం అనుకున్నాను. గెలవడం బాగుంది, నీ దగ్గర దాచడమెందుకు.

ఆయన టేబుల్‌ని అనుమానించలేదు, తన చేత్తో చేసింది కదా. కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాడు. అద్దాలు మార్చాడు. చెయ్యి ఇలా చాపి వణుకుతోందేమోనని చూసుకునేవాడు. చివరికి ఓ ఆదివారం కర్ర గోడకి ఆనించి, "నిజం చెప్పరా, నా చెయ్యి పోయిందా?" అన్నాడు. ఇదిగో, నువ్వు కూర్చున్నంత దగ్గర్లో ఉన్నాను. "వయసు మీద పడుతోంది కదా బావా" అన్నాను. తల ఊపాడు. మళ్ళీ కర్ర ముట్టలేదు. పోయేదాకా ముట్టలేదు. అప్పటికి ఆయన వయసెంతనుకున్నావు? నలభై నాలుగు.

అలా చూడకమ్మా. మంచినీళ్ళు తాగుతావా?