పడుగు ఎండేలోపల

“అన్యాయం చేసినవాణ్ణి క్షమించడమంటే అన్యాయానికి కాపలా కాయడమే అవ్వా! కోపం చల్లారిన జాతికి విముక్తి లేదు. నువ్వేమంటావు?”

ఏమంటాను నాయనా, నువ్వు మాట్లాడతా ఉంటే మీటింగులో కూసోనుండట్టే ఉండాది. కూసో ముందు. ఆ మంచం మింద వద్దు, నులక తెగింది, ఈ చాప మింద కూసో. మా చెల్లెలి కూతురి కొడుకువి, నిన్ను ఈ సేతులతో నీళ్ళు పోసి పెంచినా, నువ్విప్పుడు చిత్తూరులో సదివి నన్నే ప్రశ్నలడగతా ఉండావు. అడుగులే. అడగాల.

నువ్వు సెప్పింది తప్పని అనను. కోపం లేని మనిషి ఉప్పెయ్యని సంగటి. అయితే... ఎట్లా సెప్పేది... కోపం ఉండేది ఒకటి, దాన్ని పెట్టుకోని ఏం సేస్తామనేది ఇంగొకటి. నీ మాదిరి నాకు మాటలు పేర్చను రాదు. మా రాజమ్మ సంగతి సెప్తా, ఇను. రాజమ్మే, మీ మునిరత్నం మామ పెండ్లాం, నా కోడలు.

అప్పుడు యుద్ధం నడస్తా ఉండాది. నగరిలో మా వీధి పొడుగునా మగ్గాలేగదా, నూలు మాత్రం యాడా లేదు. అంతకుముందు అట్లా కాదు. అంగడికి పోతే రా రా అని పిలిచి ఇచ్చేటోళ్ళు. నా పెండ్లి నాడయితే కాలణాకి ఒడి నిండా తమలపాకులు, పైన ఒక కట్ట కొసరు. మా నాయన ఆ కొసరు కట్టకోసరం అంగడాయనతో పొద్దు పోయేదాకా... అదొద్దులే, నేను యాడికో పోతా ఉండా.

యుద్ధమొచ్చినాక నూలుకు కంట్రోలు పెట్టినారు. ఏ ఇంట్లో మగ్గం ఆడతా ఉంటే ఆ ఇంటికే నూలు. ఆడతా ఉండాదా, మూతబడిందా అని సెప్పేదానికి వీధికొక పెద్దమనిషి. మా వీధికి ఎవురనుకుంటివి? నా మరిదే. సుబ్బరాయుడు. మా ఆయనకు సొంత తమ్ముడు. మా ఆయన అప్పటికే పోయినాడు, పాపం. ఇంటికి మునిరత్నమే దిక్కు.

ఒగ మాసం వాడు నూలిచ్చే ఆఫీసుకు పోతే, “మీ మగ్గం మూతబడిందంట గదా, మీ పేరు లేదు పో” అన్నారంట. మూతబడేదేంది? వాడు ఆ పొద్దు కూడా మగ్గం గుంతలోంచి లేసి నేరుగా పోయినోడే! ఎవురు సెప్పినారంటే, మీ చిన్నాయనే సెప్పినాడు అన్నారు. వాడు వచ్చి సుబ్బరాయుణ్ణి నిలదీస్తే ఆయన మొగం తిప్పుకోని, “నాకేం తెలుసురా, పైనోళ్ళు ఏమి రాసుకున్నారో” అని లోపలికి పోయినాడు. అంతే. ఒక్క మాటకు మా పొయ్యి ఆరిపోయింది.

మునిరత్నం బంగారుపాళ్యం దిక్కు మామిడి తోపుల్లో పాదులు తవ్వను పోయినాడు. నేతగాడి సెయ్యి పార పడితే ఏమైతాదో తెల్సునా నీకు? కష్టం సంగతి కాదు నేను సెప్పేది. సెయ్యి గరుకు బారిపోతాది. ఆ గరుకు సెయ్యి పోగు మింద పెడితే పోగు తగులుకుంటాది, తెగతాది. నెలకొకసారి ఇంటికొచ్చి, మగ్గం కాడ కూసోని ఒట్టి సేతులు సూసుకునేటోడు. “ఇంగ కొన్నాళ్ళు ఇట్లే పోతే నేను నేతకు పనికిరానమ్మా. ఎట్లాగూ పనికిరాకుండా పోతా, మద్రాసు మిల్లుకన్నా పోదాం” అనేటోడు. తాతల కాలం నుంచి ఉండే మగ్గాన్ని పూడ్చిపెట్టి పోవాలంటే నా ప్రాణం ఎట్లుంటాది?

రాజమ్మకు చంటిబిడ్డ. తల్లికి తిండి లేకపోతే బిడ్డకు పాలు యాడివి? పక్కిండ్లకు నూలు కండెలు సుట్టిచ్చి గంజి తెచ్చుకునేది. నేను సుబ్బరాయుణ్ణి పొద్దున లేస్తే తిట్టేదాన్ని. అది మాత్రం, “అత్తా, తిట్టేదానికి బలం కావాల గదా, రవంత గంజి తాగి తిట్టు” అనేది. అట్లని దానికి కోపం లేదనుకునేవు! కోపమొస్తే గమ్మున రోలు కాడికి పోయి దంచిన బియ్యమే మళ్ళీ దంచేది. ఆ ఏడు మా ఇంట్లో అన్నీ నూకలే.

ఇప్పుడు అసలు సంగతి. పడుగుకు, అదే మగ్గానికెక్కించే నిలువు పోగులకు, గంజి పట్టించేది నువ్వు సూసింటావు. పడుగును వీధి పొడుగునా సాగదీసి, గంజి పూసి, అది ఎండేలోపల రెండు పక్కలా నిలబడి కుంచెలతో దువ్వతా పోవాల. తెగిన పోగు తెగినట్టే ముడెయ్యాల. దువ్వేది ఆలస్యమయిందో, పోగులన్నీ ఒకదానికొకటి అంటుకోని కట్టె మాదిరి అయిపోతాయి. ఇంగ దాన్ని పారేసుకోవాల్సిందే. ఒక ఇంటోళ్ళ వల్ల అయ్యే పని కాదు. అందుకని మా వీధిలో ఒక కట్టుబాటు. పడుగు ఎవురిదో వాళ్ళు తెల్లారకముందే ఇంటింటికీ పోయి తలుపు తట్టాల. తడితే, ఎంత పగోడయినా రావాల. తట్టలేదా, పోకూడదు. పోతే పిలవని పేరంటానికి పోయినట్టు, సిగ్గుమాలిన పని.

మా సంగతి అయినాక వీధంతా సుబ్బరాయుణ్ణి ఎనకాల అనుకుంటా ఉండె. ఆయనకు అది తెల్సు. తలుపు తడితే రాకుండా ఉండరు, అయితే వచ్చినోళ్ళ మొగాలు సూడాల గదా! దానికి భయపడి, ఆయన పడుగు రోజు ఎవురి తలుపూ తట్టలేదప్పా. పక్కూరినుంచి కూలోళ్ళను మాట్లాడుకున్నాడు. పడుగు సాగదీసి గంజి పూసేసినాడు, కూలోళ్ళు రాలేదు. యాడ ఇంకా మంచి కూలి దొరికిందో ఏమో.

మొగుడూ పెండ్లాం ఇద్దరే. ఎండాకాలం. ఈ కొసనుంచి ఆ కొసకు ఆయన ఉరకతాడు, ఆ కొసనుంచి ఈ కొసకు ఆమె ఉరకతాది. వీధంతా గడపల మింద నిలబడి సూస్తా ఉండారు. ఎవురూ కదల్లేదు. కదిలే దావ లేదుగదా, తలుపు తట్టలేదాయె. న్యాయం మా పక్కే ఉండాది, కట్టుబాటూ మా పక్కే ఉండాది. మునిరత్నం ఆ పొద్దు ఇంట్లోనే ఉండాడు. సేతులు కట్టుకోని, “ఎండనీ” అన్నాడు.

రాజమ్మ బిడ్డను నా ఒళ్ళో ఏసి, దూలంలో దోపిన కుంచె తీసింది.

“యాడికే?” అన్నాడు వాడు.

“ఆ పడుగు ఎండితే మన మగ్గానికి నూలొస్తాదా?”

“ఓహో. నీకు కోపం పోయిందన్నమాట.”

“పోలేదు. పోయినాక పోదామంటే పడుగు ఎండిపోతాది” అనేసి కొంగు బిగించుకోని దిగింది.

సుబ్బరాయుడు దాన్ని సూసి బిర్రబిగుసుకోని నిలబడినాడు. “నిన్ను నేను పిలవలేదే!”

“నువ్వు పిలిచింటే వచ్చేదాన్ని కాదులే చిన్నమామా. ఆ కొస గట్టిగా పట్టు, జారతా ఉండాది.”

వీధిలో ఎవురో కిసుక్కున నవ్వినారు. ఎదురింటి కన్నెమ్మ, అది గమ్మునుండే రకం కాదు, “పిలవని పేరంటానికి నేనూ వస్తా ఉండానే రాజమ్మా, ఒకదానివే సిగ్గు పోగొట్టుకుంటే ఏం బాగుంటాది!” అని కుంచె ఎత్తుకోని దిగింది. దాని ఎనక దాని కొడుకులు. ఇంగ సూడు, వీధంతా దిగేసింది. మునిరత్నం మాత్రం గడప దాటలేదు.

పోగులు దక్కినాయి. అన్నీ కాదు, నడిమిన కొన్ని అంటుకోనే పోయినాయి, అయినా పడుగు పడుగుగా నిలిచింది. ఇంగ ఆరేదాకా కొస వదలకూడదు. వదిలితే బిగువు పోయి మట్టిలో పడతాది. సుబ్బరాయుడు కొస పట్టుకోని ఉండాడు. రాజమ్మ తెగిన పోగులు ముడేస్తా ముడేస్తా ఆయన దగ్గరికి వచ్చింది. అరవలేదు. వక్క అడిగినట్టే అడిగింది: “మా మగ్గం మూతబడిందని ఎందుకు సెప్పినావు చిన్నమామా?”

ఆయన యాడికి పోతాడు? సేతుల్లో కొస ఉండాది. లోపలికి పోయేదానికి లేదు, మొగం తిప్పితే అటు పక్క కన్నెమ్మ. కడాకు అన్నాడు: “నూలు తక్కువొచ్చింది. ఎవురిదో ఒగ పేరు తీసెయ్‌మన్నారు. ఎవురిది తీసినా కొట్లాటకొస్తారు. మీరయితే సొంతమోళ్ళు గదా... ఓర్చుకుంటారులే అనుకున్నా.”

ఇన్నావా నాయనా? పగతో సేసుంటే ఇంత బాధ లేదు. ఓర్చుకుంటారని సేసినాడంట! రాజమ్మ సెయ్యి పోగు మింద అట్లే నిలిచిపోయింది. ఆనెంక మళ్ళీ ముడేసింది. “ఓర్చుకుంటాం. ఊరికే మాత్రం ఓర్చుకోం. రేపు నాతో నూలాఫీసుకు వచ్చి, ఆ పొద్దు ఈ ఇంట్లో మగ్గం ఆడతానే ఉండెనని నీ నోటితోనే సెప్పు. ‘నేనే తప్పు సెప్పినా’ అని కూడా సెప్పు” అనింది. వీధంతా ఇంటా ఉండాది. ఆయన తలూపినాడు.

వచ్చినాడు, సెప్పినాడు. అట్లని మర్నాడే నూలొచ్చేస్తాదా? పోయేటప్పుడు ఒక్క మాటకు పోయింది, వచ్చేదానికి ఎన్నిసార్లు తిరిగినామో. రాజమ్మ బిడ్డను సంకనేసుకోని పోయేది, ఆఫీసు మెట్ల మింద కూసునేది, ఈ పొద్దు లేదు పో అంటే, సరే రేపొస్తా అని లేసొచ్చేది. ఏడ్సలేదు, కాళ్ళు పట్టుకోలేదు. కడాకు వచ్చింది నూలు. ఇప్పుడు మా వీధిలో మగ్గాలు సూసేదానికి ఎవురొచ్చినా సుబ్బరాయుడొక్కడే పోడు, రాజమ్మ కూడా పోవాల. అది వీధంతా కూసోని అనుకున్న మాట. అక్షరమ్ముక్క రాదు దానికి, మొగోళ్ళు దాని నోటి దిక్కు సూస్తారు.

నేను శానాసార్లు అనుకుంటా. అది కోపాన్ని మింగనూ లేదు, మొగాన ఉమ్మనూ లేదు. ఎవురికి భయం, ఎవురికి సిగ్గు, ఏ మాట ఎప్పుడడిగితే జవాబొస్తాది, అవి సూసుకునింది. ముందు దాని కడుపులో ఏముండాదో దానికి తెల్సు, అందుకే ఎదుటోడి కడుపులోది కూడా తెలిసింది. అది క్షమించిందా అంటావా? నేను అడగలేదు. ఇప్పటికీ సుబ్బరాయుడి పేరెత్తితే రోలు దిక్కు సూస్తాది.

“మరి మునిరత్నం మామ?”

వాడా. వాడి కోపం వాడిది. తొందరపడి తీసేసే కోపం కాదులే. సేతులు మెత్తబడేదానికే ఆముదం పూసి పూసి మాసాలు పట్టింది. నూలొచ్చి, మా పడుగు తయారైనాక తలుపులు తట్టేదానికి వాడే పోవాల. నేనేమీ సెప్పలేదు. రాజమ్మా సెప్పలేదు. ఇద్దరం గడప కాడ నిలబడి సూస్తా ఉండాం. ఒక్కొక్క తలుపూ తడతా పోతా ఉండాడు. చిన్నాయన ఇల్లొచ్చింది. దాటేసినాడు. రెండిండ్లు పోయినాక నిలబడినాడు. ఎనక్కి వచ్చినాడు. ఆ తలుపు ఒకసారి తట్టి, తెరిసేలోపల ముందుకు పోయినాడు.

తట్టినాడు. నిలబడలేదు.

నిలబడేదానికి ఇంగెన్నాళ్ళు పడతాదో... పడనీ. సుబ్బరాయుడు వచ్చినాడులే, కుంచె ఎత్తుకోని, అందరికంటే ముందే వచ్చినాడు. ఇద్దరూ చెరొక కొసా పట్టుకోనుండారు, నడిమిన వీధంత పడుగు... ఏమో నాయనా. నీకు కోపం ఉండనీ, తగ్గొద్దు. నీ సెయ్యి మాత్రం గరుకు బారకుండా ఉండాల. పోయినకాడల్లా నీకు తలుపులు తెరవాల. సల్లగా ఉండు... రవంత ఆ చెంబు ఇట్లందీ, గొంతెండిపోయింది...