ఎగిరిపోయిన చర్చి

శనివారం మధ్యాహ్నమైతే చాలు, వెర్నా దాణాకొట్టు అరుగు మీద హార్లన్ కోతలు మొదలవుతాయి. అలబామాలో తను చూడని చర్చి లేదంటాడు. భార్య ఒపాల్ పోయిన ఈ ఏడాదిలోనే పట్టుకుంది ఆ పిచ్చి. ఏళ్ల తరబడి చర్చిలో ఒపాల్ పక్కనే నిలబడి పాడింది వెర్నా. అందుకే ఆ కోతలు వింటుంటే ఆమెకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది.

"చర్చి వెతకడమంటే పటం చూసుకుంటూ పోవడం కాదురా డ్యూయీ," అన్నాడు హార్లన్, ఉడికించిన వేరుశనక్కాయ ఒలుచుకుంటూ. "ముక్కుండాలి. పోయినాదివారం అద్దం దించుకుని పికప్పు తోలుతున్నానా, గుప్పున కోడి వేపుడు వాసన! అటు తిప్పాను. చర్చే! ఆరాధనయ్యాక పెట్టే ప్రేమవిందుకి వేపుతున్నారు."

"ఎవరింట్లోనో వంటేమో అన్నా," అన్నాడు మంగలి డ్యూయీ.

"చర్చి వేళకి ఇంట్లో కూచుని కోడి వేపే పాపి మన జిల్లాలో ఎవడ్రా? సరే, లోపలికెళ్లాను. పాస్టరు ప్రసంగం ఎత్తుకున్నాడు. ఎంత పొడుగనుకున్నావ్? ఎత్తుకున్నప్పుడు పక్క చేలో మొక్కజొన్న విత్తుతున్నారు, ఆమెన్ అనేసరికి ఆ పంటతోనే రొట్టెలు కాల్చి వడ్డించేశారు. నున్నగా గీసుకుని వెళ్లినవాణ్ణి, బొడ్డుదాకా గడ్డంతో లేచాను."

"పోయినాదివారమే కదా అన్నావు? గడ్డమేదీ మరి?"

"నీ కత్తికి భయపడి నేనే గీసుకున్నాలే. అడ్డు రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చంపే ఎండాయె, ఆడవాళ్లంతా ఒక్కసారి విసనకర్రలు అందుకున్నారు. అవే, శవపేటికల షాపువాళ్లు పంచిపెట్టే అట్ట విసనకర్రలు. ఆ ఊపుకి చర్చి పునాదిరాళ్ల మీంచి లేచి, నది దాటి, పోయి పోయి జార్జియాలో కప్పు లేని ఓ చర్చి మీద టోపీ పెట్టినట్టు కూచుంది. అక్కడి పాస్టరు తొణకలేదు, బెణకలేదు. 'కొత్తగా వచ్చినవాళ్లు లేచి పేరూ ఊరూ చెప్పండి' అన్నాడు. ఇంకేముంది, చర్చికి చర్చీ లేచి నిలబడ్డాం!"

"ఇంతకీ ఆ ఎగిరింది ఎవరి చర్చి?"

"క్రీస్తు సంఘం వాళ్లది. పియానో అలా మోగుతూనే ఉందిరా..."

"వాళ్లు నోటితో పాడటమే గానీ పియానోని గడప తొక్కనివ్వరు కదన్నా!"

"అదే చెప్పబోతున్నా. దారిలో బాప్టిస్టుల పియానో తగులుకుంది."

డ్యూయీ పగలబడి నవ్వాడు. "నీ మాటలు కోటలు దాటుతున్నాయన్నా, కాళ్లే గడప దాటడం లేదు!"

డ్యూయీ ఆ మాట ఊరికే అన్నాడు. హార్లన్ చేతిలో కాయ మాత్రం ఒలవకుండా ఆగిపోయింది.

"రేపు మా చర్చిలో ప్రేమవిందు," అంది వెర్నా మెల్లగా. "ఒపాల్ పాడిన చోటు. అక్కడికి ఎప్పుడొస్తావు హార్లన్?"

"ఎక్కడికి పోతుందమ్మా అది? చివరికి అట్టేపెట్టుకున్నాను."

ఒపాల్‌కీ వారం వారం ఇలాగే చెప్పేవాడు, వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అని. ఆమెను గుమ్మం దగ్గర దించి తను బండిలో కూచునేవాడు. అనాలా వద్దా అని తటపటాయిస్తూనే వెర్నా అనేసింది.

"పోయినాదివారం నీ పికప్పు మా చర్చి వెనక పెకాన్ చెట్టు కింద ఉంది. అంతకు ముందు వారమూ అక్కడే. జనవరి చలిలో ఆ పక్క కిటికీ ఎందుకు తెరిచామనుకున్నావు? ముసలాళ్లు గొణుక్కుంటూ కోట్లు కప్పుకుని మరీ పాడారు."

"ఆ కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది," అన్నాడు హార్లన్. గొంతులో మునుపటి జోరు లేదు. "ఒపాల్ ఉన్నప్పుడూ అంతేగా. గాలి కోసమని."

"గాలి కోసం కాదు. ఒపాలే తెరిచేది, బయటున్న నీకు పాట వినబడాలని. పోయేముందు ఆ పని నాకప్పగించింది."

డ్యూయీ తలొంచుకున్నాడు. హార్లన్ మొహం చిన్నబోవడం చూసి, కోతలే కోసుకోనివ్వాల్సిందని వెర్నా నొచ్చుకుంది. తెలిసీ ఇన్నాళ్లు చెప్పనందుకు అంతకంటే ఎక్కువ నొచ్చుకుంది.

హార్లన్ చేతిలో ఆగిన కాయని మెల్లగా ఒలిచాడు.

"మీ దగ్గర కూడా కొత్తవాళ్లని లేచి నిలబడమంటారా వెర్నా?"

"అంటారు. నువ్వు లేవక్కర్లేదు."