అటు తిరిగి కూర్చున్న త్రికోణం

నేను మైకు పట్టుకోగానే చేతి గడియారం చూసుకున్న సభాధ్యక్షులు, మా డైరెక్టరు గారికి. ఈ వీడ్కోలు సాయంత్రం తన కోసమేనని తెలిసీ, ఎవరింటికో మొహమాటానికి వచ్చినట్టు కుర్చీ అంచున కూర్చున్న మా మేడమ్ గారికి. ఇన్నేళ్ళూ ఆవిడ కోపాన్ని మాతో పంచుకుని, సోమవారం నుంచి మొత్తం ఒక్కరే భరించబోతున్న వారి భర్త, మా అందరి బాబాయి గారికి (నవ్వులు). పెద్దలకు, పెద్దలమనుకుంటున్న మిత్రులకు, వెనక వరుసలో చేరి తలుపు ఎటుందో చూసుకుంటున్న ముగ్గురు కొత్తవాళ్ళకు వినయంగా నమస్కరిస్తున్నాను. వినయం నాకు కొత్త కాబట్టి, ఎక్కడైనా తేడా వస్తే సర్దుకోండి.

మేడమ్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపొమ్మన్నారు. చెబుతాను. కానీ మధ్యలో ఒక చిక్కుంది, అది ముందే చెప్పేస్తే నా గుండె కుదుటపడుతుంది. మన స్టూడియోలో గేమ్ గ్రాఫిక్స్ నేర్చుకోడానికి ఎవరు చేరినా, ఎంత చదివి వచ్చినా, మేడమ్ వాళ్ళని కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి, బొమ్మలన్నీ తనే గీసిపెట్టే రెడీమేడ్ ఇంజిన్ సాఫ్ట్‌వేర్ ఏదీ ముట్టుకోనివ్వకుండా, ఒకే ఒక్క త్రికోణం గీయమంటారు. ఇది ఇక్కడి ఆనవాయితీ. మొన్న డైరెక్టరు గారు నన్ను గదిలోకి పిలిచి, "ఆవిడ వెళ్ళాక కొత్తవాళ్ళని నువ్వే చూసుకోవాలి. ఆ త్రికోణం మాత్రం ఇక వద్దు. ఆలోచించుకుని చెప్పు," అన్నారు. నేనింకా చెప్పలేదు. ఆయన గడియారం చూస్తున్నది నా ప్రసంగం అయిపోవాలని కాదు, ఆ జవాబు కోసమేనని నా అనుమానం. (డైరెక్టరు గారు నవ్వారు. మేడమ్ నవ్వలేదు.)

త్రికోణమేనా అని తీసిపారేయకండి బాబాయి గారూ. ఆటలో మీరు చూసే గుర్రం, గుర్రం మీద రాజు, రాజు గారి ముక్కు, అన్నీ చిన్న చిన్న త్రికోణాలు అతికి చేసినవే. మూడు మూలలు ఎక్కడున్నాయో, మధ్యలో ఏ రంగు నింపాలో, మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామో, అన్నీ కంప్యూటరుకి మనమే ఓపిగ్గా చెప్పాలి. ఒక్కటి తప్పితే అది తిట్టదు, అరవదు. ఖాళీ తెర చూపించి ఊరుకుంటుంది. తిడితేనే నయం.

నేను చేరిన కొత్తలో అమ్మ ఫోన్ చేసి, "ఏం పనిచ్చార్రా?" అంది.

"త్రికోణం గీస్తున్నానమ్మా."

"అది నువ్వు మూడో తరగతిలోనే బాగా గీసేవాడివి కదరా," అంది.

వెనకనుంచి మా బావ గొంతు: "స్కేలు పంపమంటాడేమో అడగండి అత్తయ్యా." (నవ్వులు)

మళ్ళీ వారం అడిగింది, ఇంకా రాలేదన్నాను. ఆ పై వారం త్రికోణం ఊసెత్తకుండా, వేళకి తింటున్నావా అని మాత్రం అడిగింది. బావ కూడా వెక్కిరించడం మానేసి జాలిపడ్డం మొదలుపెట్టాడు. బావ వెక్కిరింత ఎవడైనా తట్టుకుంటాడు, జాలిని తట్టుకోవడమే కష్టం.

నా తెర నల్లగా ఉండేది. ఓ రోజు మేడమ్ వచ్చి వెనక నిలబడ్డారు.

"ఏమిటది?"

"ఏమీ రాలేదు మేడమ్."

"ఏమీ రాలేదా, నల్లటిదేదో వచ్చిందా?"

తెరలోకి తొంగి చూశాను.

"ముందు తెరకి వంకాయ రంగు వెయ్. ఆ రెంటికీ తేడా తెలీకుండా వెతికేం లాభం?" అని వెళ్ళిపోయారు.

వేశాను. ఇప్పుడు నిండు వంకాయ రంగు మీద, ఏ సందేహానికీ తావు లేకుండా, ఏమీ రాలేదు. (నవ్వులు) తల ప్రాణం తోకకొచ్చింది. లోపం కంప్యూటరులోనే ఉందని, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని, నాలో నేనే తీర్మానించుకున్నాను. రాజీనామాకి గంభీరమైన మాటలు ఏరుకుంటున్నాను కూడా. అప్పుడు మేడమ్ టీ కప్పుతో అటువైపు వెళుతూ, ఆగకుండానే, "ఎప్పుడూ ఇటునుంచే ఎందుకు చూస్తావ్? అటు వెళ్ళి చూడు," అన్నారు.

మనం నిలబడి చూసే చోటుని, దాన్నే కెమెరా అంటాం, అటువైపుకి మార్చాను. అక్కడుంది. ఎర్రగా, నిశ్చింతగా, మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది.

సంగతేమిటంటే, మూడు మూలల్నీ ఒక వైపుగా చుట్టివచ్చే వరుసలో చెబితే త్రికోణం ముఖం మనవైపుంటుంది, వరుస తిప్పి చెబితే వీపుంటుంది. ఎవరూ చూడని వీపులకి రంగు దండగని కంప్యూటరు వాటిని గీయడం మానేస్తుంది. నేను వరుస తిప్పి చెప్పాను. దాని తప్పేం లేదు పాపం, అటు తిరిగి కూర్చుంది.

ఇంటికి ఫోన్ చేసి "వచ్చిందమ్మా" అన్నాను.

"ఎలా ఉందిరా?"

"ఎర్రగా ఉందమ్మా."

"ఎవరి పోలికో కనుక్కోండి," అన్నాడు బావ. (నవ్వులు)

డైరెక్టరు గారి మాటలో న్యాయం లేకపోలేదు. రెడీమేడ్ ఇంజిన్ ఇస్తే కొత్తవాళ్ళు సాయంత్రానికల్లా కోట కట్టి దాని మీద వెన్నెల కురిపించగలరు. ఇన్ని వారాలు ఒక్క త్రికోణానికి ఇవ్వడం ఏ స్టూడియోకైనా బరువే. ఆ గదిలో నేను దాదాపు సరేనన్నాను. అనబోయినవాణ్ణి ఆపింది మన కిందటి ఆటలోని చెరువు.

గుర్తుంది కదా, విడుదల దగ్గర పడ్డాక చెరువులో ఊరి నీడ వేశాం. ఒడ్డున ఇళ్ళు బాగానే ఉన్నాయి, నీళ్ళలో మాత్రం గోడలు మాయమై, లోపలి మంచాలు, బల్లలు బయటపడ్డాయి. ఎవరికి తోచింది వాళ్ళు మార్చారు. మార్చినకొద్దీ మంచాలు ఇంకా స్పష్టంగా కనిపించాయి. అందరి వెనకా నిలబడి చూస్తుంటే నాకు నా పాత త్రికోణం తట్టింది. అద్దంలో కుడి ఎడమవుతుంది. అలాగైతే మూలల వరుసా తిరగబడుతుంది కదా. "గోడలు ఎక్కడికీ పోలేదు, అటు తిరిగి కూర్చున్నాయి," అని పైకే అనేశాను. ప్రోగ్రాములో ఒక్క లైను మారిస్తే ఊరికి గోడలొచ్చాయి.

మేడమ్ అంతసేపూ మూల కుర్చీలో నిమ్మకు నీరెత్తినట్టు టీ తాగుతూనే ఉన్నారు. తర్వాత వరండాలో పట్టుకున్నాను.

"మీకు ముందే తెలుసు కదా మేడమ్?"

"తెలుసు."

"చెప్పొచ్చుగా, పొద్దుట్నుంచి చస్తున్నాం."

"నేను వెళ్ళాక ఎవరు చెబుతారు?"

ఆవిడ వెళ్ళిపోతున్నారని నాకు తెలిసింది అప్పుడే. అంతవరకూ, మెట్లలాగా కిటికీల్లాగా, ఆవిడ కూడా ఈ భవనంతో పాటే వచ్చారనుకున్నాను.

మేడమ్, మీరు నన్నెప్పుడూ బాగా చేశావనలేదు. చాలాకాలం నామీద మీకు అభిమానం లేదనే అనుకున్నాను. ఇటునుంచి చూస్తే అలాగే కనిపించేది. అటు వచ్చి చూడ్డానికి నాకింత కాలం పట్టింది.

డైరెక్టరు గారూ, ఇదీ జవాబు. కొత్తవాళ్ళని చూసుకుంటాను, కానీ త్రికోణంతోనే. అది వద్దంటే ఆ పని నాకూ వద్దు. మేడమ్‌కి తెచ్చిన పూలగుత్తిలో ఓ నాలుగు పూలు నీళ్ళలో వేసి ఉంచండి, త్వరలో నా వీడ్కోలుకీ పనికొస్తాయి. (నవ్వులు) ఇది నవ్వించడానికి అన్నది కాదండీ.

(డైరెక్టరు గారు కూర్చున్నచోటి నుంచే: "ఎన్నాళ్ళు పడుతుందయ్యా ఒక్కొక్కరికి?")

(మేడమ్: "వచ్చేదాకా.")

(డైరెక్టరు గారు: "సరే, కానివ్వండి. తెర రంగొక్కటి మార్చు బాబూ. ఆ వంకాయ రంగు చూసి చూసి, నేనిప్పటికీ ఆ కూర తినలేకపోతున్నాను." నవ్వులు. ఈసారి మేడమ్ కూడా నవ్వారు.)

అదీ సంగతి. మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం సార్ మీ త్రికోణం గురించి? సరే, టీ దగ్గర అడుగుతాను.

వెనక వరుసలో ముగ్గురూ, సోమవారం కిటికీ బల్ల దగ్గరికి రండి. స్కేలు అక్కర్లేదు. ఇంట్లోవాళ్ళకి, ముఖ్యంగా బావలకి, ముందే చెప్పుకోండి.

మేడమ్, ఆ మూల కుర్చీ కదపనివ్వను. అప్పుడప్పుడు వచ్చి కూర్చుని, టీ తాగుతూ, అన్నీ తెలిసి కూడా మాకేమీ చెప్పకండి.

ఇంతసేపూ ఇటు తిరిగే కూర్చుని విన్న మీకందరికీ కృతజ్ఞతలు. సెలవు.