కాశీనాథ్ నెత్తురు తాగిన దోమ

"సూదులు నెత్తురు పల్సగున్నోళ్లకు వదినె, మనకెందుకు?"

"నీ నెత్తురు చిక్కగుంటే నీ తాననే ఉంచుకో. నా బస్సు వచ్చేదాక నోరు మూస్కో."

కరోనా నాటి సంది వీళ్లిద్దరికి ఇదే లొల్లి. మొయినాబాద్ చౌరస్తల బాలరాజ్ చాయ్ బండికాడ ఎదురువడ్డరంటే చాలు, సూదుల పంచాది లేస్తది. కాశీనాథ్ అంతమ్మ పెనిమిటికి చిన్ననాటి దోస్తు. పెనిమిటి పోయి ఏడేండ్లాయె, దోస్తు మాత్రం మిగిలిండు, నోరుతోని సహా.

ఇయ్యాల మాత్రం లొల్లి అలుకటిది కాదు. చిల్కూరు దారిల గులాబీ తోటల పనిజేసే అంతమ్మను సేటు కెన్యాల కొత్త తోటకు మేస్త్రిగా తోలుతున్నడు. జీతం మూడింతలు. ఎల్లో ఫీవర్ సూది విమానం ఎక్కే పది రోజుల ముందుగాల పడాలె, లేకుంటే సూది ఏసుకున్నట్టు ఇచ్చే కార్డు చెల్లదు. ఇయ్యాల పడకుంటే సేటు ఇంకొకామెను తోలుతడు. ఆ సూది పైసలు సేటువే. టైఫాయిడ్‌ది, కామెర్లది సుత ఏసుకుంటే మంచిదన్నది డాక్టరమ్మ. గవి సొంత పైసలు. గా రెండిటికాడ్నే అంతమ్మ మనసు ఇటా అటా అంటున్నది.

"నేను బోరుబండి పని మీద కెన్యా పోయినప్పుడు ఒక్క సూది ఏసుకున్ననా?" కాశీనాథ్ బెంచీ మీద కాలు మీద కాలేసిండు. "బాలరాజ్, డాక్టర్ పొడవనీకి వచ్చిండు, పొడిచిండు సుత, సూది వంగిపాయె. ఇంకోటి తెచ్చిండు, అది సుత వంగిపాయె. పో బిడ్డా, నువ్వు దేశంల తిరుగు అని దండం వెట్టిండు."

"దండం గూడ వెట్టిండా?" అన్నడు బాలరాజ్, చాయ్ వడగడుతనే.

"రెండు చేతులతోని! ఇగ అక్కడి దోమలు, పిచ్చుకంత ఉంటయి. మొదటి రాత్రి ఒకటి నా మెడ మీద కూసొని బుక్కెడు తాగింది. గప్పుడు ఏమైందో ఎర్కేనా? కల్లు తాగినోని లెక్క ఊగుకుంట రెండు గుడిసెలు తిరిగి, నా కాళ్ల కాడ్నే వచ్చి పడ్డది. తెల్లారే వరకు సంగతి ఊరంత పాకింది. ఇగ జరమొచ్చినోళ్ల ఇండ్లల్ల నాకు పిలుపులే పిలుపులు. నన్ను నడుమ పండవెట్టి చుట్టూ వాళ్లు పండేటోళ్లు. దోమతెర ఎందుకు, కాశీనాథ్ ఉండంగ?"

"కిరాయి ఎంత తీస్కున్నవ్?"

"మేకపోతు. ఇంటికొకటి. నీళ్లంటవా, మొసళ్లు పొర్లే కుంట నీళ్లు దోసిట్లతోని తాగిన. మొసలే నా మొకం జూసి, వీడు తాగినంక నేనెట్ల తాగుతనని ఒడ్డెక్కి పోయింది."

బాలరాజ్ నవ్వు ఆపుకోనీకి గిలాసలు కడగవట్టిండు. అంతమ్మ నవ్వలే. సంచిల పాస్‌పోర్టు ఉన్నదా లేదా అని ఇంకోసారి తడిమి చూస్కున్నది.

"ఇగ అసలుది ఇను వదినె. తిరిగొచ్చి మన ఎయిర్‌పోర్ట్‌ల దిగిన. మందంత లైన్ల నిలవడ్డరు, నాకు మాత్రం సర్కారోళ్లే బండి పంపిండ్రు. ఏసీ రూము. తలుపు కాడ పోలీసు, నన్ను ఎవ్వలు ఎత్తుకపోకుంట. పొద్దుమాపు డాక్టర్లు వచ్చి, నా మొకం సూడనీకే భయపడి మూతికి గుడ్డలు గట్టుకున్నరు. ఆరు రోజులు! ఇంటికి పోత బాంచెన్ అంటే, నీ నెత్తురు దేశానికి కావాలె, పోనియ్యం అన్నరు."

అంతమ్మ సంచి కింద వెట్టింది.

"కాశీ, సూది కార్డు లేదని నిన్ను గదిలేసి తాళమేసిండ్రు. గా ఆరు రోజులల్ల ఐదోనాడు నీ చెల్లె పెండ్లి. నాయిన లేని పిల్ల. పీటల మీద నువ్వూ నీ పెండ్లాం కూసోవాల్సిన జాగల నేను, మా ఆయన కూసొని పెండ్లికొడుకు కాళ్లు కడిగినం. తాంబాళం పట్టింది నేను. పెండ్లిల ప్రతి ఒక్కరు, అన్న ఏడి, అన్న ఏడి అని అడుగుతుంటే గా పిల్ల తల ఎత్తలే."

కాశీనాథ్ కాలు మీది కాలు దించిండు.

"మొసలి నీళ్ల సంగతి గూడ జెప్పాల్నా? వచ్చినంక నెల దినాలు టైఫాయిడ్‌తోని దవాఖానల పడ్డవ్. మా ఆయన రోజు సైకిల్ మీద సగ్గుబియ్యం జావ మోసిండు."

"సగ్గుబియ్యం గాదు వదినె," అన్నడు కాశీనాథ్, మెడ ఏ మాత్రం వంచకుంట. "బార్లీ."

బాలరాజ్ చేతిల గిలాస జారిపడ్డది. హైదరాబాద్ బస్సొచ్చింది. అంతమ్మ ఎక్కింది, ఎనుకకు తిరిగి చూడలే.

దవాఖాన కౌంటర్ల పిల్ల, "సేటు కట్టిన ఒక్కటేనా అమ్మా, మిగిలిన రెండు గూడనా?" అని అడిగింది.

"రెండు గూడ. ఇటు చెయ్యికొకటి, అటు చెయ్యికొకటి, ఏడ పొడుస్తవో పొడు. వంగేది సూదో నేనో సూద్దాం."

కొత్తిమీర కట్టకు సుత బేరమాడే అంతమ్మ, కొంగుముడి ఇప్పి, తగ్గియ్యమని ఒక్క మాట అనకుంట కట్టింది: మూడు వేల ఆరు వందల నలభై రూపాయలు.