రియాక్టరుకు షుగరు చూసిన చెయ్యి

మహర్నవమి, బుధవారం, సాయంత్రం అయిదున్నర. జిన్నారంలో మా ఇంటి అరుగు మీద మా ఇంటాయన పెద్దరాములు కోతలు మొదలుపెట్టాడు. పొద్దున షుగరు గోలీ వేసుకున్నాడు గానీ, అమ్మవారి ఒక్కపొద్దని మెతుకు ముట్టలేదు. పోయినేడు ఇట్లాగే షుగరు పడిపోయి తను పనిచేసే మందుల కంపెనీలో కూలబడితే, పట్నం డాక్టరు ఆయన జబ్బలో, తోలు కింద, షుగరు చూసే అగ్గిపుల్లంత మిషన్ పెట్టాడు. దానికి నోరు లేదు. షుగరు తేడా వచ్చి, పైన అతికించుకునే బిళ్ల గుర్రుమంటేనే మాకు కబురు.

"ఇయ్యాల పగటీలి కంపెనీల ఆయుధపూజకు పోయిన. గేటు కాడ బిళ్ల జెర గుర్రుమన్నది. 'ఊకో' అన్న. ఊకున్నది."

"గంతేనా కాకా?" అన్నాడు పక్కింటి దశరథ్.

"గంతే అయితే నీకెందుకు చెప్తరా! మల్ల గుర్రుమన్నది, ఈసారి ఎట్లంటే, వాచ్‌మన్ షిఫ్టు సైరన్ అనుకొని గేటు తెరిసిండు, బిహారోళ్లు 'ఛుట్టీ, ఛుట్టీ' అనుకుంట టిఫిన్ డబ్బాలు పట్టుకొని బయటవడ్డరు, మేనేజరు ఒంటి చెప్పుతోని ఉరికొచ్చి 'ఏంది పరేషాన్' అంటే, 'సారూ, గీ మోత నా షుగరుకు గాదు, మీ రియాక్టరుకు' అన్న. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? రియాక్టరుకు గీ చెయ్యి ఆనిచ్చిన. నాలుగొందలు సూపెట్టింది!"

"రియాక్టరుకు షుగరా?"

"దినాం గంత దగ్గు సిరప్ కడుపుల పోసుకుంటది, రాదా మరి? వాల్వు ఒక్క తిప్పు తిప్పిన, నూటిరవైకి దిగింది."

అందరూ నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది, వేళ్లు వణుకుతున్నాయి. చెంబుతో బెల్లం నీళ్లు తెచ్చాను.

"జెర నోట్ల పోసుకో."

"బిళ్ల కూసిందా? కూయలే. అది కూసేదాంక నీళ్లు గూడ ముట్ట. ఒక్కపొద్దు మధ్యల ఇడుస్తనా? ఆఁ, ఏడున్న? గా మోతకు పైన పోయే ఇమానం ఆగింది దశరథ్! పైలటు కిటికీ తీసి, 'దిగాల్నా కాకా' అన్నడు."

అప్పుడే మా ఆడబిడ్డ దేవమ్మ హారతి కళ్లకద్దుకొని దేవుని అర్రలోంచి బయటికొచ్చింది.

"తమ్మీ, ఇమానం ఆపిన బిళ్లను తెల్లారంగనే నట్లు తిప్పే పానాలతోని కలిపి పూజల పెట్టినవ్ గదరా. నువ్వే బొట్టు పెట్టినవ్. గిప్పుడు గూడ బంతిపూల కింద పండుకొని ఉన్నది. మరి కంపెనీల గుర్రుమన్నది ఎవలు?"

అరుగంతా గొల్లుమంది. ఆయన చొక్కా చెయ్యి పైకి జరిపి జబ్బ తడుముకున్నాడు. నున్నగా ఉంది. నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. పొద్దటి నుంచి బిళ్ల కూయలేదు, ఆయన బాగున్నాడని అందరం నమ్మాం. నేనూ నమ్మాను.

లోపలికి లేచాను.

"ఎత్తకు! పూజల పెట్టిన పనిముట్టు రేపటి పూజదాంక కదిలియ్యొద్దు," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

ఆ ఇంట్లో అంతవరకు నేను గొంతు పెంచింది లేదు. "పానాలు కదిలియ్య. నీ పానం ఉన్న బిళ్లను మాత్రం తీస్త. అమ్మకు నేను చెప్పుకుంట," అన్నాను. ముందు దేవమ్మ గదవ పట్టుకుంటే బెల్లం నీళ్లు తాపించాను. తర్వాత అమ్మవారికి సాష్టాంగపడి, కుంకుమతో సహా బిళ్ల తెచ్చి జబ్బకు అతికించాను. కాసేపటికి అది గుర్రుమంది.

మా కోడలు రుచిత ఫోనులో షుగరు లెక్క చూసింది. "అత్తమ్మా, యాభై ఎనిమిది. ఇంకింత తాపియ్యుండ్రి."

"రియాక్టరుదేమో సూడు బిడ్డా," అన్నాడాయన సన్నగా. చెంబు ఆయనే అందుకున్నాడు.

మర్నాడు దసరా. మా ఇంట్లో అమ్మవారికి పెట్టకముందు ఎవరూ తిన్నది నేనెరగను. ఆ పొద్దున ఆయనను పీట మీద కూర్చోబెట్టి, ఉప్మా వడ్డించి, కంచం ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చున్నాం. ఆ తర్వాతే అమ్మవారి ముందు కొబ్బరికాయ కొట్టాం.